బొటనవేలు ఖాళీ లేదు

పూర్వం రాజులు యుద్ధానికి ముందు శంఖం పూరించేవారు. కెమిస్ట్రీ టీచరమ్మ అగ్గిపుల్ల గీసే ముందు గొంతు సవరించుకుంటుంది. బడి తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు పరీక్షనాళికలో జింకు ముక్కల మీద ఆమ్లం నురగలు కక్కుతోంది. పుట్టిన హైడ్రోజన్ పారిపోకుండా ఆవిడ నాళిక మూతికి బొటనవేలు అడ్డం పెట్టింది. ముందే వేలు తీస్తే మంట చూపినప్పుడు మోత ఉండదు, ముందు బెంచీలో కూర్చున్న కూతురి ఎదుట పరువూ ఉండదు.

"ఇక్కడో సంతకం పెట్టండమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"బొటనవేలు ఖాళీ లేదండీ. కాస్త ఈ అగ్గిపెట్టె పట్టుకోండి."

ఆయన పట్టుకున్నాడు. ఆవిడ గొంతు సవరించుకుని, పుల్ల గీసి, వేలు తీసి మంట చూపింది. 'టప్' మంది. ఇన్‌స్పెక్టరు అడుగు వెనక్కి గెంతాడు. కూతురు పక్కపిల్లను పొడిచి, "మా అమ్మే!" అంది, ఆ సంగతి బడంతా ఎరిగినదే అయినా.

సాయంత్రం వంటింట్లోనూ టీచరమ్మ అదే ఠీవితో గొంతు సవరించుకుని పుల్ల గీసింది. పొయ్యి అంటుకోలేదు. సిలిండరులో గ్యాసు అయిపోయింది.