గుత్తి దారిలో నాయన కారు

ఈరోజు పొద్దున పామిడి బంకులో పెట్రోలు పోయించుకుంటుంటే మోటారుసైకిలు మీద వచ్చిన కుర్రాడొకడు నా కారు ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నాడు. "అమ్ముతారా సార్?" అని అడిగాడు. "దీంట్లో ఒకాయన పుట్టినాడప్పా, ఎట్ల అమ్మేది?" అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, ముసలాయనతో మనకెందుకులే అనుకున్నాడో ఏమో, బండి ఎక్కి వెళ్లిపోయాడు. నేనన్నది మాత్రం అచ్చంగా నిజం.

మా నాయనకు ఆ కారు మీదున్న ప్రేమ తన మీద ఎప్పుడైనా ఉండిందా అని మా అమ్మకు చివరిదాకా అనుమానమే. ఆదివారం వస్తే ఆయన మాకు తల స్నానాలు చేయించడం మరిచిపోయేవాడు గానీ దానికి మరిచిపోయేవాడు కాదు. అయితే ఊళ్లో ఎవరికి కష్టమొచ్చినా ఆ గుండ్రటి వీపు కారు వాళ్ల గుమ్మం ముందుకు వెళ్లి నిలబడేది. మా వీధి చివర పరుపులు కుట్టే సాయిబుల ఇల్లుండేది. ఆ ఇంటి కోడల్ని నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. తొలి కాన్పుకు ఆమె గుత్తిలో ఉన్న పుట్టింటికి పోవాల్సి వస్తే, బస్సులో కుదుపులెందుకని నాయన కార్లో బయలుదేరదీశాడు. బిడ్డ గుత్తి దాకా ఆగలేదు. దారిలో, వెనక సీట్లోనే పుట్టేశాడు. తోడు వచ్చిన అత్తగారు ఇంకేం గుత్తి, ఇంటికి తిప్పమందట. నాయన కారు వెనక్కి తిప్పాడు. ఆ పుట్టినవాడు పెరిగి పెద్దవాడై ట్రాక్టర్ల మెకానిక్కయ్యాడు. కార్లో పుట్టినోడు ఇంకేమవుతాడని నాయన పకపకా నవ్వేవాడు. నేనూ వాడూ చిన్నప్పటి నుంచీ ఒకర్నొకరం మామా అని పిలుచుకునే స్నేహితులం.

నాయన పోయాక కారు మా గొడ్ల కొట్టంలో చేరింది. గొడ్లు పోయాయి, కారు మిగిలింది. దాని మీద శెనక్కాయల గోతాలు వేసేవాళ్లం. నేను బడిపంతులుగా ఊళ్లన్నీ తిరిగి రిటైరై వచ్చేసరికి ఇంజన్లో ఎలుకలు కాపురం పెట్టి ఉన్నాయి. అదట్లాగే ఉండిపోయేదే. కానీ పెద్దమ్మకు కంటి నరం ఎండిపోతోందని, ఉన్న చూపు కూడా కొన్నాళ్లేనని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్న సాయంత్రం ఆమె నన్నూ కొడుకునూ కూర్చోబెట్టింది. "ఆ పొద్దు నొప్పులకు కండ్లు మూసుకోనుంటి. వీడు యాడ పుట్టినాడో ఆ తావు నేనే సూడ్లేదప్పా. కండ్లు పోకముందే మీ నాయన కార్లో ఒగసారి పిల్చకపోండి" అంది. ఆటోలో ఈ పొద్దే పోదాం పా అని కొడుకంటే, "ఆటోలోనా నువ్వు పుట్టింది?" అని గసిరింది.

అట్లా మొదలైంది. మా పెరడంతా గ్రీజు వాసన. మామ పొద్దున ట్రాక్టర్లు చూసుకుని సాయంత్రం మా ఇంటికొచ్చేవాడు. నాతో పనిచేసిన డ్రాయింగు మాస్టరు రంగు బాధ్యత తనదన్నాడు. నల్లరంగు వేయాలని ఆయన, నాయన నాటి ముదురాకుపచ్చే వేయాలని నేను, రోజూ టీ చల్లారేదాకా వాదించుకునేవాళ్లం. సీట్లు మామ ఇంటి పరుపుల దూదితోనే నింపుకున్నాం. బ్రేకులు పట్టాయి, దీపాలు వెలిగాయి, ఇంజను దగ్గి దగ్గి పలికింది. ఎట్లా నడుస్తుందో చూద్దామని ముందు మగాళ్లం ముగ్గురం పెళ్లికొడుకుల్లా బయలుదేరాం. ఊరు దాటేలోపే బానెట్ కింద నుంచి గుప్పున ఆవిరి.

ఇంజను పాడైందని మామ తేల్చాడు. విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. సామాన్ల కోసం బెంగళూరుకు కబురు, దాని కోసం ఎదురుచూపు. ఎండాకాలం అట్లాగే గడిచిపోయింది. రేడియేటరు సన్నగా కారుతుంటే ఏముందిలే అని ఇంజను ఆడించిన ప్రతిసారీ బిందెడు బోరునీళ్లు పోస్తూ పోయాం. నాయన పెన్నలో చెలమ తవ్వి తియ్యటి నీళ్లు తెచ్చి పోసేవాడు. ఇప్పుడు చెలమలోనూ తడి లేదు. మాకు నీళ్లంటే బోరు నీళ్లే, ఇంకో రకం నీళ్లున్నాయన్న ఆలోచనే రాలేదు. చివరికి ఊడదీసి పెరట్లో పడేసిన రేడియేటరు మూతిలో తెల్లటి పెచ్చు చూసింది మా ఆవిడే. "నీళ్లు కాంచే గిన్నె అడుగున నేను దినామూ గీకేది ఇదే కదా! ఇంతమంది మగోళ్లు దాని గుండె కోసి సూస్తిరి, నోట్లో ఏం పోస్తాండామో సూసుకోలేదా?" అని కడిగేసింది. మామ తల పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. నీళ్ల దారి మూసేసి ఇంజన్ను కాగబెట్టిన ఆ పెచ్చు తీయించి, చిల్లి అతికించి మంచినీళ్లు పోశాక కారు ఒక్క పేచీ పెట్టలేదు. కానీ అదే వారం నేను గుమ్మంలోకి వెళితే పెద్దమ్మ "ఎవరప్పా అది?" అంది.

అయినా పెద్దమ్మను ఎక్కించుకుని బయలుదేరాం. మామే నడిపాడు. వంక దాటినాక పుట్టాడని నాయన చెప్పినట్టు నాకు గుర్తు. తీరా చూస్తే ఆ దారిలో రెండు వంకలున్నాయి, రెండిట్లోనూ చుక్క నీళ్లు లేవు. మామా నేనూ కాసేపు గొణుక్కుని రెండో దాని దగ్గర ఆపాం. ఆమె కొడుకు భుజం పట్టుకుని దిగింది. "ఈడేనా?" అని అడిగింది. "ఈడే" అన్నాను గట్టిగా. చుట్టూ తిరిగి తిరిగి చూసింది. "అంతా తెల్లగా ఉండాదప్పా. ఏం కనపడ్డం లేదు" అంది.

మామ ఉన్నపళాన చిన్నపిల్లవాడిలా ఏడ్చేశాడు. "ఉత్తపుణ్యానికి ఇంజనిప్పుకుంటా కూర్చుంటి మా! ఎండాకాలం ముందర వచ్చింటే సూసేదానివి" అన్నాడు. పెద్దమ్మ వాడి నెరిసిన గడ్డాన్ని రెండు చేతులతో పట్టుకుని, ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరికి లాక్కుంది. చాలాసేపు అట్లాగే చూసింది. "ఆ పొద్దు నేను కండ్లు తెరిస్తే ముందుగాల నీ మొగమే కనపడె. తావు యాడుంటే నాకేమిరా? కదలాకు, ఇంత దగ్గరుంటే ఇంకా కనపడతాండావు" అంది.

తుప్పు పట్టిన కారును నాయన నాటి కారుగా చేయగలిగాం గానీ, ఆమె కళ్లను ఒక్క ఎండాకాలం వెనక్కి తిప్పలేకపోయాం. కాలం తనకు మిగిల్చింది కాస్తంత చూపే అయినా, దాన్ని ఎవరి మీద పెట్టాలో ఆమె ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.