మునెమ్మవ్వ ఏడు పక్కటెముకలు

నవ్వుకోవడానికి వచ్చినవాళ్లు సర్దుకుని కూర్చోండి. పుంగనూరులో ఒక చిన్న నర్సింగ్‌హోంలో, డాక్టరుగా నా మొట్టమొదటి ఉద్యోగంలో అయిదో రోజున, నిక్షేపంలాంటి మనిషిని మాటలతోనే చంపేసినంత పని చేశాను. దాచుకోమని మా ఆవిడ అంటుంది. నేను దాచను.

అంతకుముందు, కుప్పంలో చదువుకునే రోజుల్లో, నాకు తెలివి కాస్త ఎక్కువగా ఉండేది. మా ప్రొఫెసర్ ఒకాయన వారానికో గంట వైద్యచరిత్ర చెప్పేవారు. ఒకరోజు లేచి నిలబడి, "సార్, చచ్చిపోయిన డాక్టర్లు, మానేసిన ఆపరేషన్లు మాకెందుకు? పరీక్షలో రావు, పేషెంటుకూ పనికిరావు" అన్నాను. క్లాసంతా చప్పట్లు. ఆయన నవ్వి, "సరే, పోయి టీ తాగిరా" అన్నారు. ఆ ఏడాదంతా ఆ గంటలో టీ తాగుతూనే ఉన్నాను.

ఇక ఆ అయిదో రోజు. మునెమ్మవ్వ వచ్చింది. డెబ్బై అయిదు దాటిన మనిషి. పుట్టింది కురబలకోటలో, ఉండేది పుంగనూరులో కొడుకు దగ్గర. ఆ కొడుకు, గొర్రెల వ్యాపారం చేసే రెడ్డెప్ప, వెంట వచ్చాడు. మూడు రోజులుగా దగ్గు. అవ్వ ఎడమ భుజం కిందికి జారి ఉంది. బిందెలు మోసి మోసి అలా అయిందని నాకు నేనే తేల్చేసుకుని, ఎక్స్‌రే రాసిచ్చాను.

ఫిల్ము వెలుతురుకు పట్టి చూశాను. ఎడమవైపు పైన పక్కటెముకలు లేవు! విరగలేదు, వంగలేదు. అసలు లేవు.

ఎక్స్‌రే తీసే మస్తాన్ మీద పడ్డాను. "ఎముకలేవయ్యా?"

"నేనెత్తుకు పోయినానా సార్? ఉండేది ఉండేట్టు తీసినా."

"మళ్లీ తియ్యి."

మళ్లీ తీశాడు. మళ్లీ లేవు. "మిషను ఎముకలు తినదు సార్" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మిషను తినకపోతే తినేది క్యాన్సరే! నిమిషంలో తేల్చేశాను. అవ్వను ఒక్క మాట అడగొచ్చు కదా, వీపు చూడొచ్చు కదా అంటారా? మీకున్న బుద్ధి నాకుంటే ఈ కథే లేదు. రెడ్డెప్పను వరండాలోకి పిలిచి, గొంతు బరువు చేసుకుని చెప్పాను.

"మీ అమ్మ పక్కటెముకలు ఆరింటిని క్యాన్సర్ తినేసింది. వెంటనే వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోండి. దగ్గరివాళ్లకు కబురు పెట్టుకోండి."

"ఆరా సార్! పొద్దన గూడా గొర్రెపిల్లను ఎత్తుకోనుండె సార్!" అంటూ అంత మనిషీ నేలమీద కూలబడి ఏడ్చాడు.

అరగంటలో కోడలు, కూతుళ్లు, వీధిలో సగంమంది దిగారు. వేలూరికి వ్యాను వచ్చింది. శోకాలు మిన్నంటుతుంటే అవ్వ బయటికొచ్చింది.

"యాలరా ఏడస్తాండావు? ఎవురు పోయినారు?"

"నువ్వేమ్మా! నీకు పక్కటెముకలు ఆరు లేవంటమ్మా!"

అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఆరు కాదప్పా, ఏడు. లెక్క గూడా రాదా నీకు?"

అవ్వ తన ఎడమ పక్కను తడిమి చూపించింది.

"పద్దెనిమిదేండ్లప్పుడు నాకు క్షయ వచ్చె. రక్తం కక్కతాంటి. మదనపల్లె కాడి ఆస్పత్రిలో ఎముకలు తీసేసి ఆ పక్క ఊపిరితిత్తిని అణిచిపెట్టినారు. అది కదలకుండా పండుకుంటే పుండు మానుతాదని చెప్పినారు. వీపు మీద మూడు తూర్లు కోసినారు. సూదేసి కోస్తాంటే మెలుకువగానే ఉంటి. ఇయన్నీ మీ సదువులో లేవా?"

ఉన్నాయి అవ్వా. నేను టీ తాగుతున్న గంటలో ఉన్నాయి.

"మాకెప్పుడూ చెప్పలేదేమ్మా?" అన్నాడు రెడ్డెప్ప.

"మీ నాయనకు తెలుసు. మీకు చెప్తే నేను అన్నం తినే తట్ట వేరేగా పెడతారని నోరు మూసుకున్యా. ఇంగ మూసుకోను. ఎముకలిచ్చి పానం తెచ్చుకున్యా, దాంట్లో సిగ్గు యాల? నా తట్ట వేరే పెట్టేవోళ్లు ఎవురో ముందుకు రాండి, సూస్తా!"

ఎవరూ రాలేదు. కోడలు మాత్రం వెళ్లి అవ్వ చేయి పట్టుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవ్వ వాటిని కూడా వదల్లేదు. "నువ్వెందుకప్పా ఏడ్సేది? దగ్గుకు మందిస్తావా, ఇయ్యవా?"

ఇచ్చాను. నాలుగు రోజుల్లో తగ్గింది. వ్యాను ఖాళీగా వెళ్లింది.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. అవ్వను అడిగి తెచ్చుకున్న ఆ ఫిల్మును వెలుతురుకు పట్టి మొదటి క్లాసు మొదలుపెడతాను. పరీక్షలో రాదంటారు, టైం దండగంటారు. కొత్త మందుల మీద పరిశోధన చేసే పిల్లలు పాత గోల మాకెందుకంటారు. పాతవాళ్లు ఎక్కడ గెలిచారో, ఎక్కడ బోర్లాపడ్డారో తెలియకపోతే మళ్లీ అదే గుంటలో పడతారని నేనంటాను. వింటే వినండి. ఆ గంట తీసేస్తే వరండాలో చెబుతాను. వరండాలో వద్దంటే కుప్పం బస్సులో నిలబడి చెబుతాను. టికెట్టు నాదే.

ఈలోగా, స్టెతస్కోపు మీద చేయి వేసి మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి ఒంట్లోనైనా ఎముక కనబడకపోతే, ముందు ఆ ఎముక సొంతదారునే అడుగుతాను. వాళ్లు ఏడంటే ఏడే రాసుకుంటాను.