బావ టర్న్‌టేబుల్‌కి జూబ్లీ హిల్స్ ధర

మా బావ ధర చెప్పడం మొదలుపెడితే కొనడానికొచ్చినవాడు లేచి చెప్పులు వెతుక్కునేవాడు. ధర ఎక్కువై కాదు, తక్కువై.

ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియోలో సౌండ్ రికార్డిస్టుగా చేసి రిటైరయ్యాక, మధురానగర్‌లో ఇంటి వెనక రేకుల షెడ్డులో ఎల్పీ రికార్డులు వాయించే టర్న్‌టేబుళ్లు తయారుచేయడం మొదలుపెట్టాడు. ఆయన చేసింది తిరుగుతుంటే భూగోళం సిగ్గుపడి తన వేగం సరిచూసుకోవాలి. కానీ ఎవరైనా ఎంతని అడిగితే చాలు, మోటారు ఎంత, బేరింగు ఎంత, పళ్లెం లేతు మీద తీయించిన కూలి ఎంత, అన్నీ విడివిడిగా విప్పి చెప్పేవాడు. తన కూలి దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించేవాడు.

జూబ్లీ హిల్స్‌లో ధర విప్పి చూపిస్తే వస్తువు పరువు పోతుంది. అక్కడి విదేశీ టర్న్‌టేబుళ్ల షోరూములో ధర చీటీ ఉండదు. ముందు కాఫీ ఇస్తారు, తర్వాత సోఫాలో కూర్చోబెడతారు. ఆ అంకె నిలబడి వినేది కాదు మరి.

ఒక్కటీ అమ్ముడుపోక, చివరికి అక్క తేల్చి చెప్పేసింది. "ఈ ఎండాకాలం అయ్యేలోపు ఒక్కటమ్మండి. లేదంటే షెడ్డు జాకెట్లు కుట్టే అమ్మాయికి అద్దెకిచ్చేస్తాను." ఆ పూట బావ పెసరట్టులోకి అల్లం చట్నీ వేసుకోలేదు. మా రెండు వంశాల్లోనూ అంతకు మించిన దుఃఖం ఎవరూ ఎరగరు.

నేను సినిమాలకి మాటలు రాస్తాను కాబట్టి జూబ్లీ హిల్స్‌లో నాకో నిర్మాత తెలుసు. టర్న్‌టేబుల్ కింద బావ అమర్చిన రాతి దిమ్మ బరువుకి ఆటోవాళ్లు దండం పెట్టి పోతుంటే, ప్రొడక్షన్ వ్యాను అడిగి తెచ్చాను. దారంతా బావకి రిహార్సల్. ధర అడిగితే కిటికీలోంచి కొండ చూడాలి. రాయి ఎక్కడిదంటే చాలా దూరానిదనాలి.

నిర్మాతగారి హాల్లో ఈ చివర పోసిన కాఫీ ఆ చివరికి చేరేలోపు చల్లారిపోతుంది. మూలన ఆయన విదేశీ టర్న్‌టేబుల్, ముఖమల్ గుడ్డ కప్పుకుని, నెత్తిన వెండి వినాయకుణ్ణి మోస్తోంది. బావ నాదస్వరం రికార్డు పెట్టాడు. నిర్మాతగారు కళ్లు మూసుకుని, రికార్డు అయ్యాక తెరిచి, ఎంతన్నారు. బావ కొండ చూశాడు. నా ప్రాణం లేచొచ్చింది.

"గీ రాయి ఏడిదన్నా? ఇటలీదా?" అన్నారు నిర్మాతగారు.

బావ కొండ చూడటం మానేశాడు. "మీదేనండీ. ఈ ఇంటికి పునాది తవ్వినప్పుడు పగలగొట్టి గేటు బయట పోయించారు. స్టూడియో నుంచి వస్తూ ఒక ముక్క స్కూటర్ మీద పెట్టి, ఇంటిదాకా తోసుకెళ్లాను."

నేను చెప్పులు ఎక్కడ విడిచానో గుర్తుచేసుకోసాగాను.

నిర్మాతగారు దిమ్మ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. "మా నాయిన గీ బండ మీదనే కూసోని ప్లాటు బేరం జేసిండు. నేనే పైసలిచ్చి పలగ్గొట్టించిన."

బావ మోటారు ఖరీదు ఎత్తుకోబోయాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "నీ లెక్క నాకు జెప్పు. బయట జెప్పకు. అడిగినోళ్లకు ధర నేను జెప్త."

టర్న్‌టేబుల్ ఆయన హాల్లోనే ఉండిపోయింది. అడిగినవాళ్లకి ఏం చెప్పారో తెలీదు గానీ, ఆ అంకె ఒక్కో విందులో ఒక్కో మెట్టెక్కి, ఒక హీరో పారితోషికాన్ని దాటేసిందని విన్నాను. ఇప్పుడు జూబ్లీ హిల్స్‌లో ఎవరు పునాది తీసినా ఒక బండ మా షెడ్డుకి పంపాల్సిందే. బండ మిగలనివాళ్లకి పక్కింటి రాయైనా శబ్దం ఒకటేనని బావ నచ్చజెబుతాడు. పక్కింటి రాయి మాకెందుకని వాళ్లు మూతి ముడుచుకుంటారు.

ధర చెప్పే పని అక్క తీసుకుంది. షెడ్డులోకి సోఫా లాగించింది, కాఫీ తనే ఇస్తుంది. షెడ్డు బయట, సుద్దతో ఇంటి నంబర్లు రాసిన బండల మీద వడియాలు ఎండబెడుతూ, తలెత్తకుండా చెబుతుంది. "రాయి మీదేనండీ, దానికేం తీసుకోం. మిగతాదంతా మావారి చెవుల ఖరీదు."

లోపల్నుంచి బావ బేరింగు గురించి ఏదో అనబోతాడు.

"మీరు పాట పెట్టండి," అంటుంది అక్క.