శుక్రవారం సముద్రానికి తీసుకెళ్లిన యోహాను అన్న

నిన్న మధ్యాహ్నం అన్నం తింటుంటే ఫోన్ మోగింది. నర్సాపురం నుంచి గ్రేస్, యోహాను అన్న కూతురు.

అన్న పోయాడట. పొద్దున టీ తాగి, పేపర్ చదువుతూ కుర్చీలోనే...

షాక్. కంచం ముందు ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

ఇప్పుడు రైల్లో ఉన్నాను. అక్కడికే వెళ్తున్నా. తప్పులుంటే మన్నించండి, టైపింగ్ నాకు సరిగా రాదు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. డెబ్బైల్లో మస్కట్ దగ్గర బౌషర్‌లో మాది ఒకే కంపెనీ, ఒకే రూమ్. ఆయన మేస్త్రి. నేను కరీంనగర్ నుంచి కొత్తగా వెళ్లిన హెల్పర్‌ని.

అక్కడ సెలవు శుక్రవారం. అందుకని అన్నకి ఆదివారం కూడా అదే! పొద్దున్నే రూమ్‌లో ప్రార్థన చేసుకునేవాడు. అది కాగానే మమ్మల్నందరినీ లేపి సముద్రానికి. గడ్డాలూ మీసాలూ ఉన్న మగాళ్లం, తడి ఇసుకలో చెడుగుడు ఆడేవాళ్లం. పుచ్చకాయ గుద్ది పగలగొట్టి తినేవాళ్లం.

"గింత దూరం అచ్చింది ఆటలకా అన్నా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"ఒరేయ్ రాజం, లోకమంతా చేసిన దేవుడే ఒకరోజు పనాపి కూర్చున్నాడు. నువ్వు ఆయనకంటే పెద్ద పనోడివేంట్రా?" అన్నాడు.

చెడుగుడుకి దిగాను.

ఆ ఎండాకాలం స్లాబ్ పని వెనకబడింది. శుక్రవారం కూడా డ్యూటీ అన్నాడు ఫోర్‌మన్. ఆ వారమే ఇద్దరు సైట్‌లో ఎండకి కళ్లు తిరిగి పడ్డారు. ఫోర్‌మన్‌తో ఏమీ అనకుండా, మమ్మల్ని మాత్రం పనికి వెళ్లొద్దన్నాడు అన్న. మామూలుగానే మమ్మల్ని సముద్రానికి తీసుకెళ్లాడు.

శనివారం ఫోర్‌మన్ నన్నొక్కణ్ణే పిలిచాడు.

"కిస్‌నే బోలా? నామ్ బోల్, నహీ తో ఘర్ జా!"

పనికి రావద్దని చెప్పిందెవరో పేరు చెప్పు, లేకపోతే ఇంటికి పో అని. ఇంటికి పంపేస్తే అమ్మకి మొహం ఎలా చూపించను?

అన్న పేరు చెప్పేశాను.

ఆ సాయంత్రమే అన్నని దూరంగా బర్కా అనే ఊరికి పంపేశారు. ఖర్జూరం తోటలో గోడ కట్టే పని. తెలుగు మాట్లాడే మనిషే లేడక్కడ. ఆయన పెట్టె సర్దుకుంటుంటే నేను వెళ్లి బాత్‌రూమ్‌లో దాక్కున్నాను. సిగ్గులేనివాణ్ణి.



మళ్లీ శుక్రవారం పొద్దున, కూరగాయల బండెక్కి ఆయనే వచ్చాడు!

"ఏంట్రా, ఇంకా మంచం దిగలేదా? పద."

తలెత్తి చూడలేకపోయాను. ఆయన ఒక్క ముక్క అడగలేదు. నాకు ఈత రాదు. సముద్రంలోకి దింపి, నడుం కింద చెయ్యి పెట్టి నీళ్లమీద వెల్లకిలా పడుకోబెట్టాడు.

"ఒళ్లు వదిలెయ్. నేనున్నాగా."

వదిలేశాను. బాగా ఏడ్చాను కూడా. అలల్లో ఎవరికీ కనపడలేదనుకున్నాను.

ఇండియా వచ్చేశాక ప్రతి వేసవికీ ఫోన్ చేసేవాడు. "నాలుగు రోజులు రారా, సముద్రానికి పోదాం. రెస్ట్ తీసుకోకపోతే దేవుడికి కోపమొస్తుంది" అని నవ్వేవాడు. ప్రతిసారీ ఊళ్లో పెట్టుకున్న షాపు వదల్లేనని చెప్పేవాణ్ణి. అబద్ధం. ఎదురుగా కూర్చుంటే ఆ సంగతి చెప్పేయాల్సి వస్తుందని భయం.

ఈసారి మాత్రం వస్తానన్నాను. వచ్చే వారానికి టికెట్ కూడా తీశాను. చెప్పేద్దామనే.

నిన్న ఆగలేక గ్రేస్‌కి ఫోన్‌లోనే చెప్పేశాను. తండ్రి పోయిన మనిషికి చెప్పే మాటేనా అది? బుద్ధిలేదు నాకు.



"నాన్నకి తెలుసు బాబాయ్. బర్కా పంపేటప్పుడే ఫోర్‌మన్ చెప్పాడంట. 'పాపం భయపడిపోయాడు, వాణ్ణి నీళ్లలో దింపి నవ్విస్తేగానీ ఆ దిగులు పోదు' అని ఆ శుక్రవారం మీకోసమే వచ్చారంట."

తెలిసే వచ్చాడు.

అన్నా, నీ పేరు చెప్పింది నేనే. నువ్వుండగా అనలేకపోయాను. క్షమించు.

ఇక హాయిగా పడుకో. నువ్వు నమ్ముకున్న దేవుడి దగ్గర నీకు చల్లగా ఉండాలి.

— నీ రాజం