ఇంజను నీళ్లు పట్టుకునే లోపల

మా మనవరాలు ఈ మధ్య ఫోనులో ఏదో తరగతిలో చేరింది. పుస్తకాలు తొందరగా చదవడం ఎలా, చదివింది ఎక్కువగా గుర్తుపెట్టుకోవడం ఎలా అని నేర్పుతారట. మాటను లోలోపల కూడా పలకకూడదట, కన్ను పంక్తి మీద జారిపోతూ ఉండాలట, ఒక్క చూపులో నాలుగు మాటలు పట్టెయ్యాలట. మొన్న నా పక్కన కూర్చుని ఇదంతా వివరిస్తుంటే నాకు నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నానో ఆ పిల్లకు అర్థం కాలేదు, నాకూ ఒక్క ముక్కలో చెప్పడం చేతకాలేదు. మీకైతే చెప్పగలను. మీలో నా ఈడువాళ్లు ఉంటే, ఆ రోజుల్లో చదువంటే ఎంత చప్పుడో గుర్తుండే ఉంటుంది.

మాది దొనకొండ స్టేషనుకు కూతవేటు దూరంలో ఊరు. కాస్త మెట్టపొలం, ఒక గొర్రెల మంద. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం, పైగా యుద్ధం నడుస్తున్న రోజులు. మా చిన్నాయన పటాలంలో చేరి బర్మా వైపు పోయాడు. ఉత్తరం ఎప్పుడో గాని వచ్చేది కాదు. యుద్ధం సంగతులన్నీ పేపర్లో రాస్తారని ఎవరో చెప్పిన దగ్గర్నుంచి మా అవ్వ, అంటే చిన్నాయన తల్లి, నన్ను నిలవనియ్యలేదు. ఊళ్లో పేపరు తెప్పించేవాళ్లెవరూ లేరు. గుంటూరు వైపు నుంచి వచ్చే పగటి బండిలో గార్డు దగ్గర మాత్రం ఒకటి ఉండేది. దొనకొండలో ఇంజను నీళ్లు పట్టుకోవడానికి ఆ బండి కాసేపు ఆగేది. అవ్వ నన్ను వెంటబెట్టుకుని పోయి ఆయన్ను బతిమాలింది. ఆయనకూ ఆడపిల్లలు ఉన్నారేమో, కాదనలేదు. నీళ్లు పట్టినంతసేపు చదువుకొమ్మని, జెండా ఊపే లోపల పేపరు తన చేతిలో పెట్టాలని చెప్పాడు. ఆనాటి నుంచి ఆయన మాకు గార్డు మామ అయ్యాడు. మధ్యాహ్నం బడి విడవగానే నేను స్టేషనుకు పరుగు.

చదువంటే నోరు తెరిచి అరవడమని తప్ప నాకు మరో రకం తెలియదు. బళ్లో అందరం కలిసి పాఠం చదివితే దారిన పోయే బండి ఎడ్లు బెదిరేవి. అదే గొంతుతో ప్లాట్‌ఫారం మీద కూర్చుని, బుసలు కొట్టే ఇంజనుతో పోటీపడి చదివేదాన్ని. కాగితం కరువు వల్ల పేపరు పలచగానే ఉండేది గాని, అక్షరాలు ఆవగింజలంత. ఎవరో పెద్దమనిషి ఉపన్యాసం సగమైనా పూర్తి కాకముందే కూత వినబడేది. ఇంటికి పోతే అవ్వ బర్మా మాటే అడిగేది, నా దగ్గర ఉపన్యాసమే ఉండేది. అవ్వ లేచి లోపలికి పోయేది. ఆ ముఖం చూడలేక నాకు ఏడుపొచ్చేది.

ఒకనాడు గార్డు మామ నా అవస్థ చూసి, "అమ్మాయ్, నోరు మూసుకోని చదువు. నోటి కంటే కన్ను ముందు పోతాది" అన్నాడు.

మొదట్లో నోరు మూస్తే బుర్ర కూడా మూసుకుపోయినట్టుండేది. పెదవులు వాటంతట అవే కదిలేవి. చివరికి జడ కొసను పళ్ల మధ్య బిగించి కూర్చున్నాను. ఏ వారానికి అలవాటైందో చెప్పలేను గాని, ఒక రోజు పేపరు తిరగేసి చూసుకుంటే అంతా అయిపోయింది, కూత ఇంకా వెయ్యలేదు. గబగబా చదవడం ఒకటే చాలలేదు లెండి. చదివిందంతా తలలో పెట్టుకుని ఇల్లు చేరాలి. అవ్వ ఏమడుగుతుందో తలచుకుంటూ, దారి పొడుగునా సంగతులన్నీ వరసగా పేర్చుకుంటూ నడిచేదాన్ని. అవ్వ విని, నేను ఆగగానే "ఇంకా?" అనేది. ఆ ఒక్క మాట కోసం మరునాడు ఇంకో నాలుగు సంగతులు ఎక్కువ మోసుకొచ్చేదాన్ని.

చిక్కు ఇంట్లో వచ్చింది. బడి పాఠాలు కూడా నోరు మూసుకునే చదవసాగాను. మా నాయన చెడ్డవాడు కాదు, చదువు రానివాడు. చదువంటే వినబడాలని ఆయన నమ్మకం. వీధిలో పిల్లలందరి గొంతులూ మోగుతుంటే ఆయన కూతురు మూగిదానిలా పుస్తకంలోకి చూస్తూ కూర్చునేది. మార్కాపురంలో మా అత్త ఇంట్లో ఉంచి పెద్ద బడికి పంపుతానన్న మనిషి మనసు మార్చుకున్నాడు. "నోరు తెరవని చదువు ఏం చదువమ్మా? బొమ్మను చూసినట్ట చూస్తుండావు. మార్కాపురం వద్దు, మంద ఎంబడి పో" అన్నాడు. చదువుతున్నానని ఎంత చెప్పినా వినలేదు. ఆ పూట నేను అన్నం ముట్టలేదు.

సాయంత్రం మంద ఇల్లు చేరింది. దొడ్డి వాకిట్లో నాయన నిలబడ్డాడు. దుమ్ము రేపుకుంటూ గొర్రెలన్నీ ఒకదాన్నొకటి తోసుకుని లోపలికి పోయాయి. ఆఖరుది దాటగానే బొల్లి మొగం గొర్రె రాలేదంటూ ఆయన చేతికర్ర తీసుకున్నాడు. గోడ పక్క రాయి మీద కూర్చున్న అవ్వ అప్పుడు నోరు విప్పింది.

"ఒరే, ఒక్కదాన్నన్నా పేరు పెట్టి పిలిస్తివా? ఏలు పెట్టి లెక్క జూస్తివా? చూస్తానే బొల్లిది లేదంటివే. నీ కూతురూ అట్లనే చదువుతుండాది. దానికి నోరెందుకురా?"

నాయన కర్ర పట్టుకుని పొలం వైపు పోయి, కుంటుతున్న బొల్లి గొర్రెను భుజాన వేసుకుని వచ్చాడు. దాన్ని దించి, కాళ్లు కడుక్కుని, నా పక్కన చతికిలబడి, "ఈ పొద్దు పేపర్లో ఏముండాది?" అన్నాడు. చెప్పాను. యుద్ధం చెప్పాను, బియ్యం కరువు చెప్పాను, ఎక్కడో ఏరు పొంగిన సంగతి చెప్పాను. నేను ఆగినప్పుడల్లా ఆయన కూడా, అచ్చం అవ్వలాగే, "ఇంకా?" అన్నాడు. అవ్వ పిలిచేదాకా మేమిద్దరం అన్నానికి లేవలేదు.

బళ్లు తెరిచే నాటికి నా ట్రంకుపెట్టె నాయనే నెత్తిన పెట్టుకుని స్టేషనుకు వచ్చాడు. గార్డు మామ పేపరు నా చేతికిచ్చి, మార్కాపురం రోడ్డు స్టేషను దాకా తీరిగ్గా చదువుకొమ్మన్నాడు. కళ్లలో నీళ్లు నిండి ఒక్క పంక్తి కూడా కనబడలేదు.

చిన్నాయన యుద్ధం ముగిశాక క్షేమంగా తిరిగొచ్చాడు. నేను పంతులమ్మనై, గంపలకొద్దీ పుస్తకాలు చదివాను. అవ్వ, నాయన పోయిన తర్వాత చదివినవాటిలో నాకు గుర్తున్నవి మాత్రం తక్కువే. వయసు వల్లనేనని నిన్నటిదాకా అనుకున్నాను.

నిన్న మనవరాలు ఒక లావుపాటి పుస్తకాన్ని ఒక్క పూటలో ముగించింది. అందులో ఏముందని అడిగితే రెండు మాటలు చెప్పి ఫోనందుకుంది. "ఇంకా?" అన్నాను. అంతేనని, ఇంకేముంటుందని వింతగా చూసింది. తప్పు దానిది కాదు. ఇప్పుడు పేపరు తిరిగి అడిగే గార్డు లేడు, కూత వేసే బండి లేదు, ఎంత చదివినా తరగనంత ఉంది. పాపం, "ఇంకా?" అని అడిగి, దాని నోరు చూస్తూ ఎదురుగా కూర్చున్నవాళ్లే ఇంతవరకూ లేరు.