బావగారి వాచీలో తొమ్మిదీ యాభై రెండు

ఉదయం తొమ్మిదీ పద్నాలుగుకి చల్లపల్లిలో కరెంటు పోయింది. మా అన్నయ్య కూతురి పెళ్ళిపందిట్లో మైకు, ఫాన్లు ఆగిపోయాయి. ఆ టైము నా చేతివాచీలోది. మా ఆయన వాచీలో అప్పటికి తొమ్మిదీ యాభై రెండు. ముహూర్తం పదీ అయిదుకి.

మావైపు పెళ్ళిళ్ళలో ముహూర్తం వేళ చెప్పే పని మా ఆయనది. పంతులుగారు మంత్రాలు చదువుతూ ఆయన వైపు చూసేవారు. ఈయన తలూపాకే జీలకర్ర బెల్లం. ఇంకే మర్యాదా ఆయన అడిగి పుచ్చుకోలేదు. ఇది మాత్రం తనదనుకునేవారు.

ఆ నమ్మకమంతా ఆ వాచీ మీద. దానికి టిక్కుటిక్కు లేదు. లోపల చిన్న శ్రుతిదండం, ట్యూనింగ్ ఫోర్కంటారే అది, బ్యాటరీతో అదురుతూ, సన్నటి పళ్ళచక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున నెడుతుంది. చెవికి ఆనిస్తే తుమ్మెద రొద. అలాంటివి విజయవాడ ఆదివారం బజారులో పాత సామాన్లలో దొరికేవి. చప్పుడు లేదు కనుక చచ్చిపోయాయనుకుని అమ్మేవారు. ఈయన జేబులో బ్యాటరీ పెట్టుకుని వెళ్ళి, దాన్ని అక్కడే వేసి, కళ్ళు మూసుకుని వాచీని చెవికి పెట్టుకుని నిలబడేవారు. “ఫోనాండీ అది?” అని ఎవరో అడిగారట.

పెళ్ళికి ముందురోజు వన్‌టౌన్‌లో బ్యాటరీ మార్పించారు. ఎప్పుడూ వెళ్ళే వాచీ షాపు సాయిబుగారే వేశారు. “పాతరకం రావట్లేదు సార్. ఇది దానికన్నా గట్టిది.” గట్టిదంటే ఇంకా మంచిదని ఇద్దరూ సంతోషించారు.

“బావగారూ, టైమెంత?” అన్నాడు మా అన్నయ్య, కరెంటు పోగానే.

“ఎనిమిది నిమిషాలు తక్కువ పది.”

పందిరి లేచి నిలబడింది. మగపెళ్ళివారు ఇంకా టిఫిన్ల దగ్గరే ఉన్నారు. పెళ్ళికొడుకుని నోట్లో ఇడ్లీతోనే లేపుకొచ్చారు. పంతులుగారు తన వాచీ చూసుకుని, రెండుసార్లు విదిలించి, మా ఆయన వాచీని చూసి ముల్లు తిప్పుకున్నారు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ తిప్పుకున్నారు. నన్నెవరూ అడగలేదు.

గదిలోంచి పెళ్ళికూతురు అరిచింది: “మావయ్యా, జడ సగమే అయింది. మీ వాచీని కాసేపు ఆపండి!”

నేను దగ్గరికి వెళ్ళి, “ఏమండీ, నా దాంట్లో ఇంకా తొమ్మిదింపావే” అన్నాను.

ఆయన వాచీని చెవికి పెట్టుకున్నారు. “పాడుతోందే. పాడుతున్నంతసేపూ తప్పదు.”

సగం జడతోనే పిల్లని పీటల మీద కూర్చోబెట్టారు. మధ్యన తెర పట్టారు. జీలకర్ర బెల్లం చేతుల్లోకి వచ్చింది. మా ఆయన తలూపడానికి సిద్ధంగా ఉన్నారు. అంతలో వంటవాళ్ళ దగ్గర బ్యాటరీ రేడియో చెప్పింది, సమయం తొమ్మిది గంటల ఇరవై ఆరు నిమిషాలని.

అందరి తలలూ మా ఆయన వైపు తిరిగాయి. మైకూ ఫాన్లూ లేవు కనుక వాచీ రొద పక్కనున్న నాకు వినపడింది.

తెర వెనక నుంచి పెళ్ళికొడుకు అడిగాడు: “అయితే ఇడ్లీ తినొచ్చాండీ?”

“తిను నాయనా. ఆ బెల్లం మాత్రం తినకు” అన్నారు పంతులుగారు.

పెళ్ళికొడుకు తాతగారు మా ఆయన్ని ఎగాదిగా చూశారు. “వేళ దాటించే వాచీలు చూశాం గానీ, వేళని తరుముకొచ్చేది ఇదే చూడ్డం.”

జడ పూర్తయింది. పెళ్ళి వేళకే జరిగింది. అప్పుడు తలూపింది మాత్రం పంతులుగారే.

తిరుగు బస్సులో ఉయ్యూరు దాకా ఆయన వాచీని చెవి దగ్గరే పెట్టుకున్నారు. తర్వాత, “వాచీ తప్పు కాదే” అన్నారు. కొన్ని వారాలు దాన్ని విప్పి, పుస్తకాలు చూసి, సంగతి పట్టుకున్నారు. కొత్త బ్యాటరీ బలం ఎక్కువ. దండం మరీ ఊగి, ఒక పన్ను నెట్టాల్సిన చోట అప్పుడప్పుడూ రెండు నెట్టింది. ఆ బలం తగ్గించడానికి రేడియో రిపేరు షాపులో చిన్న డయోడ్ పెట్టించారు. అప్పటినుంచి వాచీ సరిగ్గా నడిచింది. ఆ సంగతి చుట్టాలకు చెప్పలేకపోయారు. చెప్పబోతే ముందే నవ్వేవారు.

ఆ తర్వాతి పెళ్ళి మంగళగిరిలో, మా చెల్లెలి కొడుకుది. ఎవరూ అడగరని ఆయన వెనక వరసలో కూర్చున్నారు. ఎడమచేతికి ఆ వాచీ, జేబులో నా వాచీ. పంతులుగారు పాతవారే. మంత్రం ఆపి, తలల మీదుగా వెతికారు.

“బాబుగారూ, ఎంతయిందండీ?”

ఆయన లేచి నిలబడ్డారు. వాచీని చెవికి పెట్టుకుని విన్నారు, చూశారు, చెప్పారు. నా వాచీ బయటికి తీయలేదు. పంతులుగారు కండువా కింద తన వాచీ చూసుకోవడం నేను చూశాను. ఈయన చూడలేదు.

ఆయన పోయాక ఆ వాచీకి నేను బ్యాటరీ వేయించలేదు. ఇప్పుడు పందిట్లో అందరి ఫోన్లూ ఒకే టైము చూపిస్తాయి. మా పెళ్ళిళ్ళలో ముహూర్తానికి ఎవరూ ఎవరినీ టైము అడగరు.