మొదటి వెయ్యి కిలోమీటర్లు

అక్క సిడ్నీ వెళ్ళడానికి ఒక షరతు పెట్టింది. చనిపోయిన బావ కారు మళ్ళీ నడవాలి. ఇంజన్ కొత్తగా కట్టించాక మొదటి వెయ్యి కిలోమీటర్లు ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడపాలంటారు కదా, ఆ వెయ్యీ తను పక్కన కూర్చుని చూస్తుంది. ఆ తర్వాత తాళాలు నా చేతిలో పెట్టి విమానం ఎక్కుతుంది. ఆ మాట విన్న రోజే నాకు దుర్బుద్ధి పుట్టింది. వెయ్యి కిలోమీటర్లని ఎన్నాళ్ళు సాగదీయవచ్చా అని లెక్క మొదలెట్టాను.

అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. అమ్మ పోయాక నాకు అన్నం పెట్టింది, జడ్డివెధవా అని తిట్టింది, చెరకు కూలీలుగా ఈ దీవులకి వచ్చిన తాతల కాలం నుంచి ఇంట్లో మిగిలిన నాలుగు తెలుగు ముక్కలూ అక్షరాలూ నేర్పింది ఆవిడే. ఈ దీవులకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది పెళ్ళి చేసుకుని నవాకాలో చెరకు పొలానికి కాపరానికి వెళ్ళింది. నేను లౌతోకాలో మందుల షాపు పెట్టుకున్నాను. నా భార్యది హిందీ మాట్లాడే కుటుంబం. పిల్లలకు నా తెలుగు వింటే నవ్వు. చివరికి ఆ భాష మా ఇద్దరి మధ్యే మిగిలింది. ఇప్పుడు పొలం లీజు ముగిసింది. భూమి సొంతదారులు, ఈ దీవుల మూలవాసులు, వెనక్కి తీసుకుంటామన్నారు. వాళ్ళ భూమి వాళ్ళిష్టం, తప్పు పట్టడానికి నోరు రాదు. కానీ అక్క వంట చేసిన ఇల్లు ఆ భూమి మీదే ఉంది. సిడ్నీలో ఉన్న కూతురు వచ్చెయ్యమంది.

కారు బావ సరదా. జపాన్ నుంచి దిగిన పాత కారు, ఇంజన్‌కి అదనపు ఊపునిచ్చే టర్బో ఉన్నది. చెరకు లారీల వెనక పాకుతూ పోవలసిన దారిలో అంత కారు ఎందుకంటే, వినడానికి అనేవాడు. కాలు తొక్కితే అది వేసే ఈల ఆయనకి అంత ఇష్టం. ఈల వినీ వినీ ఒకనాడు ఇంజన్ పట్టేసింది. బాగు చేయించేలోపు ఆయనే పోయాడు. నాందీలో ఒక మెకానిక్ దాన్ని విప్పి పిస్టన్లు, రింగులు, క్లచ్ ప్లేటు అన్నీ కొత్తవి వేశాడు. ఇస్తూ ఇస్తూ చెప్పాడు: టర్బో గట్టిగా ఈల వేసేదాకా అప్పుడే తొక్కొద్దు, అలాగని మరీ మెత్తగానూ నడపొద్దు. ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరులో బరువు పెట్టు, దిగేటప్పుడు వదులు. క్లచ్‌కి ఆగడం కదలడం అలవాటు కావాలి. ఇంజన్ ఆపేముందు ఒక నిమిషం ఊరికే నడవనివ్వు, టర్బో చల్లబడాలి.

వీటిలో నాకు పనికొచ్చినవి మాత్రమే విన్నాను.

క్లచ్ సంగతి అక్కే చూసుకుంది. తెలిసిన ప్రతి గేటు దగ్గరా ఆపమనేది. ఒకరింట్లో టీ, ఒకరింట్లో యంగోనా వేరు కలిపిన మత్తునీళ్ళ గిన్నె, ఇంకొకరింట్లో సంచీడు వంకాయలు. "నేను పోతున్నా, తప్పు అయితే మాఫ్ చెయ్యండి" అని అందరికీ ఒకటే మాట. ఆగడం, కదలడం, మళ్ళీ ఆగడం. ఆ వీడ్కోళ్ళతో క్లచ్ వెన్నలా కుదురుకుంది.

ఇంజన్ని మాత్రం నేను ముద్దు చేశాను. ఆదివారాలు మాత్రమే బయటికి తీసేవాణ్ణి. నలభై దాటనిచ్చేవాణ్ణి కాదు. కొండ కనబడితే చుట్టుదారి పట్టేవాణ్ణి. వెనక బస్సులు హారన్లు కొట్టి చంపేవి. ఇదంతా ఇంజన్ జాగ్రత్త కోసమే అని అక్కకి చెప్పాను, సగం నేనూ నమ్మాను.

ఇల్లు చేరాక ఇంజన్ నడుస్తుండగా కూర్చునే ఆ ఒక్క నిమిషం కోసమే వారమంతా ఎదురుచూసేవాణ్ణి. అక్క ఏవో పాత సంగతులు చెప్పేది. వెళ్ళొద్దని అందామని ప్రతిసారీ నీళ్ళు నమిలేవాణ్ణి. ఇప్పటికీ ఒక్క నిమిషం ఆవిడ పక్కన కూర్చుని తెలుగులో తిట్లు తినాలని ఉంటుంది, అంతే.

ఆరు వందలు దాటాక వెనక నీలం పొగ మొదలైంది. నూనె తగ్గిపోతోంది. మెకానిక్ పొగగొట్టంలో వేలు పెట్టి చూసి మండిపడ్డాడు.

"ఏత్నా ధీరే కాహే చలాయా, భయ్యా? హమ్ బోలా రహా నా, చఢాయీ మే దబావ్!"

ఇంత మెల్లగా ఎందుకు నడిపావు, ఎత్తులో తొక్కమన్నాను కదా అని. రింగులు సిలిండర్ గోడకి గట్టిగా ఒరుసుకుంటేనే ఇముడుతాయట. బరువు పెట్టకపోతే గోడ నునుపెక్కిపోయి, రింగులు పట్టక, నూనె పైకొచ్చి మండుతుందట. ఇంకా చెయ్యి దాటలేదు, ఇవాళే కొండ ఎక్కించి పదిసార్లు గట్టిగా తొక్కి వదలమన్నాడు. అప్పటికీ పొగ పోకపోతే మళ్ళీ విప్పాలి, సామాను జపాన్ నుంచి రావాలి, రెండు నెలలు పడుతుంది.

రెండు నెలలు! సిగ్గు విడిచి చెబుతున్నాను, నా గుండె ఎగిరి గంతేసింది. తల తిప్పితే అక్క నా మొహాన్నే చూస్తోంది.

సింగతోకా దారిలో ఎత్తు దగ్గరికి వెళ్ళాం. ఒకసారి ఎక్కాను, సగమే తొక్కాను. తిరిగొచ్చి రెండోసారీ అంతే. మూడోసారి కింద ఆపించింది.

"తమ్ముడూ, చిన్నప్పుడు నేను స్కూల్ పోకూడదని జ్వరం నాటకం ఆడినావు. ఇప్పుడు గాడీకి జ్వరం తెప్పించినావా?"

ఇక దాచడానికి ఏముంది. "పోవద్దు అక్కా" అన్నాను. ఏడుపొచ్చేసింది, యాభైకి దగ్గర పడ్డవాణ్ణి.

"నాకు మాత్రం పోవాలని ఉందా? ఇల్లు పోయింది కదా. నీ ఇంట్లో ఒక మూల కూర్చుని నీ పెళ్ళాంతో మాట పడాలా? అది నాకు నై మాంగతా, వద్దు. పోనీ, ఎక్కించు."

బండి కదిలింది. మూడో గేరులో పడగానే అక్క పక్కకి వంగి, నా కుడి మోకాలి మీద అరచెయ్యి పెట్టి, ఉన్న బలమంతా వేసి కిందికి నొక్కింది. కారు ముందుకు దూకింది. టర్బో ఈల వేసింది. అక్క కళ్ళు మూసుకుంది, చెయ్యి మాత్రం తియ్యలేదు. కొండ కొస దాకా అలాగే ఎక్కాం. ఆ తర్వాత పది దాకా తనే లెక్కపెట్టింది, ఒక్కటి కూడా తగ్గించలేదు.

పదోసారి పైకి చేరాక నేను అద్దంలో వెనక్కి చూశాను. ఒక్క పిసరు నీలం పొగ కనిపించాలని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. మేం ఎక్కొచ్చిన రోడ్డు కొండ అడుగు దాకా శుభ్రంగా కనిపించింది.